ఆడవాళ్ల పని, ఇల్లు, తీరిక: సర్వే డేటాతో లెక్కకట్టడంలో నా అనుభవం

పసిపిల్లలున్న ఇళ్లలో ఆడవాళ్లు ఏ పని చేస్తున్నారు, ఎంతసేపు చేస్తున్నారు, నిద్రకూ తీరికకూ వాళ్లకేం మిగులుతోంది? నేను పట్టుకున్న ప్రశ్న ఇది. దీనికి కావలసిన డేటా మన దేశంలో ఉంది, అదీ పైసా ఖర్చు లేకుండా. జాతీయ గణాంక కార్యాలయం 2017 నుంచి నడుపుతున్న కార్మిక శక్తి సర్వే, అందరూ పీఎల్‌ఎఫ్‌ఎస్ అనేది, పనిని లెక్కిస్తుంది. అదే కార్యాలయం 2019లోనూ 2024లోనూ చేసిన టైమ్ యూజ్ సర్వే రోజును అరగంట ముక్కలుగా విడదీసి చూపిస్తుంది. ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ నడిపే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్‌లో కాన్పులు, ఆరోగ్యం, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందన్న సంగతులు దొరుకుతాయి. మూడింటినీ కలిపి అడిగే సర్వే మాత్రం వీటిలో లేదు. మూడు సర్వేల్లో ఇళ్లు వేరు కాబట్టి ఒకదానిలోని ఇంటిని మరోదానితో జతచేయడం కుదరదు. ఒకే రకం గుంపును, ఉదాహరణకు తెలంగాణ పల్లెల్లో ఆరేళ్లలోపు పిల్లలున్న ఇళ్లలోని 20–39 ఏళ్ల వివాహితలను, మూడింట్లోనూ విడివిడిగా తీసి పక్కపక్కన పెట్టుకోవాలి. నేను చేసింది అదే.

గణాంక శాఖ మైక్రోడేటా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, ఎందుకు వాడుతున్నామో రాసిస్తే యూనిట్ లెవెల్ డేటా, అంటే ఒక్కో ఇంటి, ఒక్కో మనిషి జవాబులు, దించుకోవచ్చు. డేటా ఫైలుతో పాటు లేఅవుట్ (ఏ వివరం ఫైల్లో ఎక్కడుందో చెప్పే పట్టిక), షెడ్యూలు (ప్రశ్నపత్రం), రీడ్‌మీ, అంచనా విధానం, ఫీల్డు సిబ్బందికి ఇచ్చిన సూచనల పుస్తకం ఉంటాయి. చాలామంది డేటా ఫైలు తెరిచి, లేఅవుట్ ఒకటి పక్కన పెట్టుకుని పని మొదలుపెడతారు. నేను సూచనల పుస్తకంతో మొదలుపెడతాను. ఎవరిని పనిచేస్తున్నట్టు రాయాలి, ఎవరిని ఇంటిపట్టున ఉన్నట్టు రాయాలి అన్న తీర్పు అక్కడే ఉంటుంది. ఆ తర్వాత మన కంప్యూటర్ చేసేదంతా ఆ తీర్పును కూడికలు వేయడమే.

ఆ తీర్పు ఎలా నడుస్తుందో చూడండి. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో ప్రతి మనిషికీ గత 365 రోజుల్లో ఎక్కువ కాలం దేనిలో గడిచిందో దాన్ని బట్టి ఒక ప్రధాన కోడ్ వేస్తారు. 11 అంటే సొంత పని, 12 పనివాళ్లను పెట్టుకున్న యజమాని, 21 ఇంటి వ్యవసాయంలోనో వ్యాపారంలోనో జీతం లేకుండా చేయి కలిపే మనిషి, 31 నెల జీతం, 41 ప్రభుత్వ పనుల్లో కూలి, 51 మిగతా కూలి, 81 పని వెతుక్కుంటున్న మనిషి, 91 చదువు. ఇంటి పనికి రెండు కోడ్‌లు: ఉత్త ఇంటి పని అయితే 92, దాంతోపాటు ఇంటి అవసరానికి కట్టెలు, గడ్డి ఏరుకురావడం, కుట్టుపని లాంటివి ఉంటే 93. ఈ రెండు కోడ్‌ల వాళ్లూ కార్మిక శక్తి, అంటే పనిచేస్తున్నవాళ్లూ పని వెతుక్కుంటున్నవాళ్లూ కలిసిన లెక్కలోకి రారు. అయితే 92లో ఉన్న మనిషే ఏడాదిలో 30 రోజులు లేదా అంతకు మించి ఏదైనా ఆర్థిక పని చేసి ఉంటే ఆమెకు రెండో కోడ్, అంటే అనుబంధ స్థితి, పడుతుంది. అప్పుడామె పనిచేసే మనిషి కింద లెక్క. ప్రధాన కోడ్ ఒక్కటే చూసి పట్టిక వేస్తే ఇలాంటి ఆడవాళ్లంతా జారిపోతారు. ఉపాధి హామీ పనికి 25 రోజులు వెళ్లి, మరే ఆర్థిక పనీ చేయని మనిషి ఎలాగూ ఈ లెక్కలోకి రాదు. 30 రోజుల గీత అంత కచ్చితం.

గేదెల విషయం ఇంకా చిక్కు. పంట, పాలు లాంటి ప్రాథమిక ఉత్పత్తి సొంత వాడకానికే అయినా మన జాతీయ నమూనా సర్వేల్లో ఆర్థిక పనే. అదే పాలు తోడేసి, చిలికి, ఇంటి మట్టుకు నెయ్యి కాయడం మాత్రం కాదు. రెండు గేదెలున్న ఇంట్లో మేత, కుడితి, పాలు పితకడం అన్నీ కోడలే చేస్తున్నా, ‘మీరేం చేస్తారు’ అని అడిగితే ‘ఇంట్లోనే ఉంటాను’ అంటుంది. వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్ ఇంకో రెండు ప్రశ్నలు వేస్తే 21, వేయకపోతే 92. పైగా పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో ఇంటిల్లిపాదికీ ఒక్కరే జవాబు చెప్పడం మామూలు. ఆ చెప్పేది మామగారైతే ఏ కోడ్ పడుతుందో ఊహించుకోవచ్చు. అందుకే ఎవరు సమాధానం చెప్పారన్న గడిని నేను వదిలిపెట్టను. తన గురించి తానే చెప్పిన ఆడవాళ్లనూ, వాళ్ల గురించి ఇంకొకరు చెప్పిన ఆడవాళ్లనూ విడదీసి ఒకసారి చూస్తాను. రెండు గుంపుల మధ్య తేడా అంతా జవాబు చెప్పిన మనిషి వల్లే వచ్చిందనడానికి లేదు. పనికి వెళ్లిన మనిషి ఇంట్లో దొరకదు కదా.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లది మరో తరహా. ఆకు, తంబాకు కంపెనీ ఇస్తుంది, వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కడుతుంది. మన దృష్టిలో అది కూలి పని. సర్వే నిర్వచనంలో మాత్రం ఇంటి దగ్గరే చేసే ఇలాంటి పని స్వయం ఉపాధి కిందికి వస్తుంది. తెలంగాణలో స్వయం ఉపాధి ఆడవాళ్ల వాటా చూసి ‘ఇంతమంది చిన్న వ్యాపారులా’ అనుకునే ముందు పరిశ్రమ కోడ్ కూడా పక్కన పెట్టి విడదీయాలి.

ఇక ఫైళ్ల సంగతి. పాత సంవత్సరాలవి స్థిర వెడల్పు టెక్స్ట్ ఫైళ్లు. ఏ అంకె ఏ స్థానంలో మొదలై ఎక్కడ ముగుస్తుందో లేఅవుట్ చూసి చదివించాలి. ఒక్క స్థానం జరిగితే వయసు గడిలో చదువు వచ్చి కూర్చుంటుంది, ప్రోగ్రామ్ మాత్రం నోరు మెదపదు. చదివించగానే వరసల సంఖ్య సరిచూసుకోవాలి. 2023-24 మొదటి సందర్శనలో 1,01,957 ఇళ్లు, 4,18,159 మంది మనుషులు. ఒక్కటి తగ్గినా ముందుకు వెళ్లను. ఇంటిని గుర్తించే సంఖ్య ఒకే గడిలో ఉండదు. ఎంపికైన గ్రామం లేదా పట్టణ బ్లాక్ నంబరు, దానిలోని ముక్కను చెప్పే ఉపఖండం నంబరు, రెండో దశ స్తరం (ఇళ్లను ఎంచేముందు విడదీసిన గుంపు) నంబరు, నమూనా ఇంటి నంబరు నాలుగూ కలిపితేనే ఒక ఇల్లు. మనిషి వరస సంఖ్య కూడా చేరిస్తే ఒక మనిషి. రెండో దశ స్తరాన్ని మరిచిపోతే ఒకే గ్రామంలోని వేర్వేరు ఇళ్లు కలిసిపోయి, ఇరవై మంది ఉన్న ఉమ్మడి కుటుంబాలు డేటాలో పుట్టుకొస్తాయి. ఫైళ్లను కలపడానికి ముందే ఈ గుర్తింపు సంఖ్యతో నకళ్లు ఉన్నాయేమో వెతకడం తప్పనిసరి.

2024 దాకా పట్టణాల్లో ఒకే ఇంటికి మూడు నెలలకోసారి చొప్పున నాలుగుసార్లు వెళ్లేవాళ్లు. రెండోసారి నుంచి అడిగింది గడిచిన వారం పని గురించి మాత్రమే. కాబట్టి ఏడాది స్థితి లెక్కకు మొదటి సందర్శన ఫైలే వాడాలి. అన్ని సందర్శనలూ ఒకచోట కుప్పేస్తే పట్టణాల ఇళ్లు పలుమార్లు లెక్కలోకి వస్తాయి.

మల్టిప్లయర్, అంటే నమూనాలోని ఒక్కో మనిషి జనాభాలో ఎంతమందికి ప్రతినిధో చెప్పే బరువు, దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. డేటాలో ఉండే మల్టిప్లయర్‌లో చివరి రెండు అంకెలు దశాంశాలు, చుక్క మాత్రం ఉండదు. పైగా నమూనా రెండు ఉపనమూనాలుగా ఉంటుంది. ఎన్‌ఎస్‌ఎస్ అనే గడి, ఎన్‌ఎస్‌సీ అనే గడి సమానమైతే 100తో, కాకపోతే 200తో భాగించాలి. ఏడాది అంచనా కావాలంటే మళ్లీ త్రైమాసికాల సంఖ్య గడితో భాగించాలి. 200 నియమాన్ని వదిలేస్తే శాతాలు చూడ్డానికి బాగానే ఉంటాయి, కానీ కొన్ని ప్రాంతాల బరువు రెట్టింపవుతుంది. పట్టుకోవడం కష్టమయ్యే తప్పు అదే. బరువులన్నీ కూడితే వచ్చే మొత్తం జనాభా అంచనాల కంటే తక్కువ ఉంటుంది. అది మన తప్పు కాదు. అందుకే పీఎల్‌ఎఫ్‌ఎస్ నుంచి నిష్పత్తులు తీసుకుంటాను, ‘ఇన్ని కోట్లమంది’ అని చెప్పాల్సి వస్తే ఆ నిష్పత్తిని జనాభా అంచనాకు వర్తింపజేస్తాను.

సొంత ప్రశ్న జోలికి వెళ్లేముందు ప్రచురితమైన అంకె ఒకటి మన చేతుల్లో రావాలి. 15 ఏళ్లు, ఆపై ఆడవాళ్లలో కార్మిక శక్తి వాటా 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఈ రెండూ మొదటి దశాంశం దాకా సరిపోయేవరకు మరే పట్టికా వేయను. 41.6 వచ్చినా సరే, ఎక్కడో ఒక వడపోత తప్పినట్టే.

ఈ పెరుగుదల మీద ఎవరి వ్యాఖ్యానం వాళ్లది. పల్లెల్లో అదే వాటా 24.6 నుంచి 47.6కు ఎగబాకింది, పట్టణాల్లో 20.4 నుంచి 28కి. అంటే ఎక్కువ కదలిక పల్లెల్లోనే. కోడ్‌లవారీగా విప్పితే 11, 21లే ఉబ్బి కనిపిస్తాయి. పనిచేసే ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా 21 కోడ్ వాళ్లే. వాళ్లకు ఆదాయం గడి ఖాళీగా ఉంటుంది, ఇంటి సేద్యం మీద వచ్చిన డబ్బు మరొకరి పేరు మీద ఉంటుంది. ఆ ఖాళీని సున్నా అనుకుని సగటు తీస్తే ఆడవాళ్ల సంపాదన అన్యాయంగా పడిపోతుంది, వదిలేసి తీస్తే పైకి లేస్తుంది. ఏది చేసినా పట్టిక కిందే చెప్పాలి. ఆదాయం అడిగే కాలమూ అందరికీ ఒకటి కాదు. జీతగాళ్లకు గడిచిన క్యాలెండర్ నెల, స్వయం ఉపాధికి గత 30 రోజులు, కూలీలకు వారంలో ఒక్కో రోజు. అన్నీ నెలకు మార్చేటప్పుడు కూలి వారాన్ని ఊరికే నాలుగుతో గుణిస్తే నాట్ల వారంలో దొరికిన మనిషి ఏడాదంతా పని ఉన్నట్టే లెక్కకొస్తుంది. అందుకే కూలి ఆదాయాన్ని త్రైమాసికాలవారీగా విడిగానే చూపిస్తాను.

గంటలు కావాలంటే షెడ్యూలులో గడిచిన వారం గురించి అడిగే భాగంలోకి వెళ్లాలి. అక్కడ ఏడు రోజులకూ రోజువారీ పని గంటలు ఉంటాయి. ఆ వారంలో ఏదో ఒక రోజు ఒక్క గంట పనిచేసినా వారపు స్థితిలో ఉపాధి ఉన్నట్టే. కాబట్టి పనిచేస్తున్నవాళ్ల శాతం పక్కనే వారానికి సగటు గంటలు వేయకపోతే ఆ శాతానికి అర్థం సగమే.

కుటుంబం దగ్గరికి వస్తే పీఎల్‌ఎఫ్‌ఎస్ పిసినారి. ఇంటిపెద్దతో బంధుత్వం తప్ప మరేమీ ఇవ్వదు: పెద్ద 1, భార్య లేదా భర్త 2, పెళ్లయిన సంతానం 3, వాళ్ల జంట 4, పెళ్లికాని సంతానం 5, మనవలు 6, తల్లిదండ్రులు, అత్తమామలు 7, ఇతర బంధువులు 8. కోడ్ 4 ఆడమనిషి ఒక్కతే ఉండి ఇంట్లో మూడేళ్ల మనవడుంటే ఆమే తల్లి అనుకోవచ్చు. ఇద్దరు కోడళ్లుంటే చెప్పలేం. పుట్టింటికి వచ్చిన కూతురు పిల్లలకూ 6వ కోడే. వయసు తేడాలు పెట్టి ఊహించే సూత్రాలు కొందరు రాస్తారు. నాకు వాటి మీద గురి లేదు. ‘తల్లి’ అన్న మాట మానేసి ‘ఆరేళ్లలోపు పిల్లలున్న ఇంట్లోని 20–39 ఏళ్ల వివాహిత’ అనే రాస్తాను. ఇంట్లో కోడ్ 7 ఆడమనిషి, లేదా కోడలి వైపు నుంచి చూస్తే కోడ్ 1గానో 2గానో ఉన్న అత్తగారు, ఉన్నారా లేదా అన్నది మాత్రం తప్పక తీస్తాను. పిల్లల్ని చూసే మరో మనిషి ఉండటం పనికి వెళ్లడాన్ని మారుస్తుందా అన్న ప్రశ్నకు అదే ఆధారం. నిజంగా తల్లీబిడ్డల జత కావాలంటే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్‌కే వెళ్లాలి. అక్కడ పిల్లల వరసలో తల్లి వరస సంఖ్య రాసి ఉంటుంది, ప్రతి స్త్రీ కాన్పుల చరిత్రా ఉంటుంది.

టైమ్ యూజ్ సర్వే లేకపోతే ఈ ప్రశ్నకు సగం జవాబే దొరికేది. 2019లో 1,38,799 ఇళ్లలో ఆరేళ్లు దాటిన 4,47,250 మందిని, ముందు రోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి సర్వే రోజు 4 గంటల వరకు ఏం చేశారో అడిగారు. అరగంటకో గడి, గడిలో పది నిమిషాలకు తగ్గని పనులు మూడు దాకా రాయొచ్చు. రెండు పనులుంటే 15 నిమిషాల చొప్పున, మూడుంటే పదేసి పంచుతాను. చివర ఒక్కో మనిషికీ 1,440 నిమిషాలు రావాలి. రానివాళ్లెవరైనా ఉంటే నా ప్రోగ్రామ్‌లో తప్పుందని అర్థం. ముఖ్యమైన పని ఒక్కదానికే అరగంటంతా ఇచ్చే పద్ధతి కూడా ఉంది. దాంతో పిల్లల సంరక్షణ బాగా తగ్గిపోతుంది. పొయ్యి మీద అన్నం, చంకలో బిడ్డ ఉన్న గడిలో ముఖ్యమైనది వంట అయిపోతుంది కాబట్టి.

సగటు ఎవరి సగటు అన్నది ఇంకో మెలిక. 2019లో ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు అన్న అంకెలు బాగా ప్రచారమయ్యాయి. చూస్తే మగవాళ్లు మూడో వంతు మోస్తున్నట్టుంటుంది. కానీ అవి ఆ రోజు ఇంటి పని ముట్టుకున్నవాళ్ల సగటులు. ముట్టుకున్నవాళ్లు ఆడవాళ్లలో 81.2 శాతం, మగవాళ్లలో 26.1 శాతం. అందరి మీదా పంచితే ఆడవాళ్లకు 243, మగవాళ్లకు 25, అంటే పదో వంతు. వయసు కూడా చూసుకోవాలి. 299 ఆరేళ్లు దాటినవాళ్లందరిది, 15–59 ఏళ్ల ఆడవాళ్లకు అదే అంకె 315. 2024 సర్వేలో ఈ రెండూ 289, 305. పాత 315 పక్కన కొత్త 289 పెడితే పది నిమిషాల తగ్గుదల 26 నిమిషాలవుతుంది.

ఈ సర్వేలోనూ ప్రధాన స్థితి కోడ్ ఉంది. అదే నాకు బాగా అక్కరకొచ్చింది. 92, 93 కోడ్‌ల ఆడవాళ్లను విడిగా తీసి, ఆ రోజు వాళ్ల నిమిషాల్లో ఉపాధి విభాగానికీ, సొంత వాడకానికి సరుకు తయారుచేసే రెండో విభాగానికీ ఎంత పోయిందో చూడొచ్చు. నీళ్లు మోయడం, కట్టెలు తేవడం ఈ వర్గీకరణలో రెండో విభాగమే తప్ప ఇంటి పని కాదు. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో ఏ లెక్కకూ రాని శ్రమ ఇక్కడ నిమిషాలుగా బయటపడుతుంది. ఒక్క జాగ్రత్త: ఇది ఒక్క రోజు చిత్రం. ఆ రోజు సున్నా ఉన్న మగమనిషి ఎప్పుడూ వంటింట్లోకి వెళ్లడని కాదు. గుంపుల సగటులు చెప్పొచ్చు, మనుషుల అలవాట్లు చెప్పలేం.

బాగోగుల సంగతి నేరుగా అడిగే ప్రశ్న ఈ రెండు సర్వేల్లోనూ లేదు. సంతోషంగా ఉన్నారా అని ఎవరూ అడగలేదు. నిద్ర, భోజనం, తీరిక నిమిషాలనే నేను కొలబద్దగా తీసుకున్నాను. సగటు నిద్ర పెద్దగా ఏమీ చెప్పదు. ఎన్ని గంటలకు లేచారు, పడుకునే ముందు చివరి పని ఏది అన్నది గడులవారీగా గీస్తే తేడాలు కనిపిస్తాయి. నిర్ణయాల్లో మాట, సొంత డబ్బు లాంటివి కావాలంటే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ ఐదో విడత, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, ఉంది. అందులో 7,24,115 మంది ఆడవాళ్లున్నారు కదా అని మురిసిపోకూడదు. ఉద్యోగం, నిర్ణయాల ప్రశ్నలు 15 శాతం ఇళ్లలోనే అడిగారు. హింస గురించిన భాగం ఇంటికి ఒక్క స్త్రీకే, చాటు దొరికితేనే. దానికి వేరే బరువు గడి ఉంది. మామూలు బరువు వాడితే ఎక్కువమంది ఆడవాళ్లున్న ఇళ్లు తగ్గిపోతాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ సర్వే ఫీల్డు పని మొదటి దశలో, కోవిడ్‌కు ముందే అయిపోయింది. తమిళనాడు రెండో దశ. పొరుగు రాష్ట్రంతో పోల్చేటప్పుడు మధ్యలో లాక్‌డౌన్ ఉందన్నది గుర్తుంచుకోవాలి.

నమ్మకపు హద్దులు, అంటే అంచనా ఎంత అటూఇటూ ఉండొచ్చో, వేయడానికి ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లోని సర్వే ప్యాకేజీ గానీ స్టాటా గానీ చాలు. గ్రామం లేదా బ్లాకును క్లస్టర్‌గా (ఒకచోట ఎంచిన ఇళ్ల గుత్తి), స్తరాన్ని స్తరంగా చెప్పాలి, అంతే. ఒకే ఊళ్లోని ఎనిమిది ఇళ్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి క్లస్టర్ చెప్పకపోతే అంచనా లేనిపోని కచ్చితత్వంతో కనిపిస్తుంది. గుంపును చిన్నది చేసేకొద్దీ కొన్ని స్తరాల్లో ఒకే క్లస్టర్ మిగిలి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అలాంటప్పుడు ఫైలును కోయకుండా, మొత్తం డేటా మీద డిజైన్ (క్లస్టర్, స్తరం, బరువు ఏవో) ప్రకటించి ఆ తర్వాత ఉపగుంపును తీయాలి. బరువులేని ముడి కేసులు ఎన్నో ప్రతి గడి పక్కనా వేస్తాను. 30 లోపు ఉంటే ఆ గడిని ఖాళీగా వదిలేస్తాను.

జిల్లా అంకెల కోసం చాలామంది అడుగుతారు. 2024 దాకా పీఎల్‌ఎఫ్‌ఎస్ నమూనా జిల్లా అంచనాల కోసం వేసింది కాదు, జిల్లా కోడ్ ఫైల్లో ఉన్నంత మాత్రాన అంచనా రాదు. దానికి తోడు తెలంగాణ జిల్లాలు 10 నుంచి 2016లో 31కి, 2019లో 33కి, ఆంధ్రప్రదేశ్‌వి 13 నుంచి 2022లో 26కి మారాయి. 2014కు ముందు రౌండ్లలో కోడ్ 28 అంటే ఉమ్మడి రాష్ట్రం. ఆ తర్వాత 28 ఆంధ్రప్రదేశ్, 36 తెలంగాణ. పాత కొత్త 28లను ఒకే గీత మీద పెట్టిన గ్రాఫులు ఇప్పటికీ కనిపిస్తుంటాయి.

2025 జనవరి నుంచి పీఎల్‌ఎఫ్‌ఎస్ రూపమే మారింది. గ్రామానికో బ్లాకుకో 8 ఇళ్ల బదులు 12, మొత్తం 2,72,304 ఇళ్లు, పల్లెల్లో కూడా ఒకే ఇంటికి వరసగా నాలుగు నెలలు వెళ్లడం, చాలాచోట్ల జిల్లానే ప్రాథమిక స్తరంగా తీసుకోవడం. నెలనెలా వచ్చే అంకెలు వారపు స్థితివి. 2025 ఏప్రిల్‌కు ఆడవాళ్ల కార్మిక శక్తి వాటా 34.2 శాతమని మొదటి నెల బులెటిన్‌లో వస్తే, 41.7 నుంచి పడిపోయిందని వాదించినవాళ్లు ఏడాది స్థితిని వారపు స్థితితో పోల్చారు. నా ఫైళ్లలో 2024 డిసెంబరు దగ్గర గీత గీసి, అటువైపు డేటాకు వేరే ఫోల్డర్, వేరే బరువు సూత్రం, వేరే పట్టికలు పెట్టాను. రెండు వైపులా వారపు స్థితిని మళ్లీ కట్టి పక్కపక్కన చూపించడం వరకే చేస్తాను, గీత దాటించి ఒకే రేఖగా కలపను.